పదకొండు మందిని ఒక్కటి చేసిన పంతులుగారు
సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963)

శుక్రవారం సాయంత్రం ఎండ చల్లబడగానే ఇబ్రాలో మన పిల్లలు బంతి తీసుకుని మైదానానికి బయలుదేరుతారు. హైస్కూలు చదువుతున్న పిల్లలు. కాళ్ళలో సత్తువ ఉంది, ఆట మీద మోజు ఉంది. అయితే బంతి ఎవరి కాలికి దొరికితే వారు దాన్ని వదలరు. నలుగురినీ తప్పించి తామే గోలు కొట్టాలని చూస్తారు. ఓడిపోయాక తప్పు నీదంటే నీదని వాదులాడుకుని ఎవరి దారిన వారు ఇళ్ళకు చేరుతారు. పక్కన కూర్చుని చూసే పెద్దలమైన మాకు అటువంటప్పుడల్లా ఒక మహనీయుడు గుర్తుకు వస్తారు. ఆయన మన హైదరాబాదువారు. వృత్తిచేత బడిపంతులు. ఇక్కడే పుట్టి పెరిగి, తాతగారి ఊరిని సెలవుల్లో మాత్రమే చూసిన మన పిల్లలకు ఆయన కథ తెలియాలనే కోరికతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 1909 వ సంవత్సరం ఆగస్టు 17 న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకుని ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పాఠాలు చెప్పిన బడులు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించారు. నగర ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయిన నాటినుండి కన్నుమూసేవరకు ఆ బాధ్యతను విడువలేదు. ఊరంతా ఆయనను ప్రేమగా రహీం సాబ్ అని పిలుచుకునేది.

ఆయన ఇంటి భాష ఉర్దూ. మరి తెలుగువారి సంచికలో ఆయన కథ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. నిజాం కాలంలో పుట్టి, హైదరాబాద్ రాష్ట్రంలో పేరు గడించి, ఆంధ్రప్రదేశ్ రాజధానిలో తనువు చాలించిన మనిషి ఆయన. మన గడ్డ పేరును ఒలింపిక్ మైదానం దాకా తీసుకుపోయిన మనిషి. ఆయన మనవారు కాకపోతే మరెవరు మనవారు?

రహీం సాబ్ పిల్లలకు ఆట నేర్పిన తీరు చెప్పుకోదగ్గది. ఆయన ఊళ్ళో కొన్ని వింత పోటీలు పెట్టించేవారు. ఒక పోటీలో బంతిని దొర్లించుకుంటూ పోవడమే నిషేధం. వచ్చిన బంతిని వెంటనే తోటివానికి అందించి తీరాలి. మరొక పోటీలో ఎవరికి ఏ కాలు చేతకాదో ఆ కాలితోనే ఆడాలి. చూసేవారికి ఇది వినోదంగా ఉండేదేమో గాని, దీని వెనుక పంతులుగారి ఆలోచన చాలా లోతైనది. ప్రతి ఆటగాడికీ తాను నమ్ముకున్న ఒక బలం ఉంటుంది. ఆ బలాన్ని కాసేపు పక్కన పెట్టిస్తే, అతడు తల ఎత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూడక తప్పదు. అలా చూడడం అలవాటైన నాడే పదకొండు మంది ఒక జట్టు అవుతారు. ఐకమత్యం గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రాని గుణం, ఆట నియమం ఒక్కటి మార్చితే వచ్చింది.

మెరికల్లాంటి కుర్రవాళ్ళను గుర్తుపట్టడంలో కూడా ఆయనది పంతులుగారి చూపే. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో బీద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆట ఆయన కంటబడింది. శిక్షణకు అంత దూరం రావడానికి ఆ కుర్రవాని దగ్గర డబ్బు లేదని తెలిసి, సైకిలు అద్దెకు తానే డబ్బు ఇచ్చారని చెప్పుకుంటారు. ఆ బలరామే తరువాత దేశం గర్వించదగ్గ ఆటగాడై, 2023 ఫిబ్రవరిలో పరమపదించాడు.

రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా మహా జట్లకు అలవాటైన గౌరవం దక్కను పోలీసులకు దక్కింది. అప్పటికే ఆయన చేతికి భారత జట్టు బాధ్యత వచ్చింది. 1951 లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల ఫైనల్లో మనవారు ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం గెలిచారు.

అంతలోనే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయాము. ఆ చలిలో మనవారిలో చాలామంది ఉత్త కాళ్ళతో ఆడారు. ఆ పరాభవం తరువాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయినాయి. రహీం సాబ్ క్రుంగిపోలేదు. పరీక్ష తప్పిన పిల్లవాని చేత మళ్ళీ మొదటి పాఠం చదివించినట్లు పని మొదలుపెట్టారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే అయింది. చివరకు నాలుగవ స్థానం దక్కింది. ఆ జట్టులో బలరాం, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్ వంటి హైదరాబాదువారు ఉన్నారు.

ఆయన జీవితంలో చివరి పరీక్ష 1962 లో జకార్తాలో జరిగింది. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆయనను లోలోపల తినేస్తున్నది. ఆ జట్టులో బెంగాలీలు, పంజాబీలు, మలయాళీలు, హైదరాబాదీలు ఉన్నారు. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0 తో ఓడిపోయారు. తరువాత థాయిలాండ్ మీద 4–1, జపాన్ మీద 2–0 తో గెలిచారు. థాయిలాండ్ ఆటలో రక్షణకు ఆయువుపట్టు అయిన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. సెమీఫైనల్లో ఆ జర్నైల్‌నే రహీం సాబ్ ముందుకు పంపి ఫార్వర్డుగా ఆడించారు. అతడు గోలు కొట్టాడు. దక్షిణ వియత్నాం 3–2 తో ఓడింది.

ఫైనల్లో మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురైంది. ఫ్లూ జ్వరంతో పడిన తంగరాజ్ బదులు గోలు కాచిన ప్రద్యుత్ బర్మన్‌ను కూర్చోబెట్టి, పొడుగరి అయిన తంగరాజ్‌ను తిరిగి దించారు. తన చోటు వదులుకున్నవాడూ, తనది కాని చోట నిలిచినవాడూ గొణగలేదు. ఆటకు ముందు పంతులుగారు పిల్లలను కోరిన కానుక ఒక్కటే, ఆ స్వర్ణ పతకం. ఆసియా క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్‌లను పిలవకపోవడాన్ని భారత ప్రతినిధి విమర్శించినందుకు జకార్తా జనం మన మీద మండిపడుతున్నారు. సెప్టెంబరు 4 న ఆ పెను హోరు మధ్య పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లున్న జర్నైల్ మరొక గోలు కొట్టారు. 2–1 తో స్వర్ణం మనదైంది. నిండిన మైదానంలో మన జట్టుకు జేకొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ జట్టు కూడా ఉందని చెబుతారు.

ఆ తరువాత ఏడాది గడవకుండానే, 1963 జూన్ 11 న, రహీం సాబ్ కన్నుమూశారు. ఆయనకు 53 ఏళ్ళు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో హైదరాబాదు బిడ్డ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యం వచ్చింది గాని, స్వర్ణం మళ్ళీ మన దేశానికి రాలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవం కూడా క్రమంగా మసకబారింది. 2024 లో ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ చలనచిత్రం వచ్చాక గాని మనలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు. ఇందుకు మేమూ సిగ్గుపడుతున్నాము.

ఇబ్రా ఖర్జూరపు తోటలకు ఫలజ్ కాలువ నీరు వంతులవారీగా పారుతుందని మన పిల్లలకు తెలుసు. ఒకరు గండి మూయకపోతే పక్క తోట ఎండిపోతుంది. బంతి కూడా అంతే. అందుకే పిల్లలకు మా మనవి ఒక్కటే. వచ్చే శుక్రవారం ఒక్క ఆట రహీం సాబ్ షరతు మీద ఆడండి. బంతిని దొర్లించుకుపోవద్దు, వచ్చిన వెంటనే తోటివానికి అందించండి. మీలో తెలుగు వచ్చినవారూ, రానివారూ, అరబ్బీ మాట్లాడే ఇరుగుపొరుగు స్నేహితులూ ఉంటారు. ఫరవాలేదు, జకార్తా జట్టుకూ ఒకే భాష లేదు. ఆట అయ్యాక మాత్రం అందరూ కలిసి ఇళ్ళకు రండి. ఆ పంతులుగారికి అంతకు మించిన నివాళి మేము ఎరుగము.