బొమ్మలతో కథ చెప్పిన చక్రపాణి

మాటలు రాని పసివానికి తల్లి ముఖమే తొలి పుస్తకం. ఆమె కనుబొమలు ముడిపడితే కోపమనీ, చేతులు చాస్తే పిలుపనీ అక్షరాలు నేర్వకముందే బిడ్డ గ్రహిస్తాడు. నాట్యశాస్త్రం దీనినే ఆంగికాభినయం అన్నది. ఈ మౌనభాషకు పత్రికలోనూ, వెండితెరపైనా సముచిత స్థానం కల్పించిన వారిలో చక్రపాణి ఒకరు.

ఆయన అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు. 1908 ఆగస్టు 5న తెనాలిలోని ఐతానగరులో జన్మించారు. యౌవనంలోనే క్షయవ్యాధి ఆయనను పీడించింది. సరైన మందులు లేని ఆ రోజుల్లో ఆ వ్యాధి మృత్యువుకు మారుపేరు. మదనపల్లె శానటోరియంలో చికిత్స పొందుతూ కూడా ఆయన కాలాన్ని వృథా చేయలేదు. సాటి రోగి వద్ద బెంగాలీ నేర్చుకొన్నారు. అనంతరం శరత్‌బాబు నవలలను తేట తెలుగులోకి అనువదించారు.

1947 జూలైలో నాగిరెడ్డితో కలిసి 'చందమామ' మాసపత్రికను ప్రారంభించారు. తెనాలివారే అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి దాని సంపాదక బాధ్యత వహించారు. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య వంటి చిత్రకారులు కథలకు రూపమిచ్చారు. శంకర్ గీసిన బేతాళ కథల బొమ్మను చూడండి. విక్రమార్కుని భుజంపై శవం, చేతిలో కత్తి, ముందుకు సాగే అడుగు. రాజు పట్టుదలను తెలుపడానికి వేరే వర్ణన అక్కరలేదు. చదువురాని బాలుడు సైతం ఆ భంగిమలోనే కథను గ్రహించగలడు.

నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన 'మాయాబజార్' 1957లో విడుదలైంది. పొన్నూరు ప్రాంతానికి చెందిన మాధవపెద్ది గోఖలే కళాదర్శకులలో ఒకరు. పాత్రల వేషభూషణాలు ముందుగా కాగితంపై రూపుదిద్దుకొన్నాయి. ఆ రూపాలకు నటులు ప్రాణం పోశారు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించినప్పుడు సావిత్రి వేషం మారలేదు. నడక మారింది, చూపు మారింది. సుకుమారి దేహంలో రాక్షసవీరుని ఠీవి కనిపించింది. బొమ్మ ఆకారాన్ని మాత్రమే ఇస్తుంది. కదలిక వ్యక్తిత్వాన్ని ఇస్తుంది.

చక్రపాణి 1975 సెప్టెంబరు 24న కన్నుమూశారు. 'చందమామ' ప్రచురణ కూడా 2013లో ఆగిపోయింది. అయినా, మృత్యుముఖం నుండి బయటపడి ఆయన సార్థకం చేసుకొన్న జీవితం విద్యార్థులకు ఆదర్శం. శవాన్ని భుజాన వేసుకొని నడిచే ఆ రాజు తెలుగువారి మనసుల్లో నేటికీ నడుస్తూనే ఉన్నాడు.