జోసెఫ్ ఎఫ్. స్మిత్

జోసెఫ్ ఎఫ్. స్మిత్ (నవంబరు 13, 1838 - నవంబరు 19, 1918) అమెరికాకు చెందిన క్రైస్తవ మతప్రచారకుడు. సామాన్యముగా మోర్మన్లు అని పిలువబడే యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘమునకు 1901 నుండి మరణించే వరకు అధ్యక్షుడు. ఆ పదవిలో ఆరవవాడు. పదిహేనేళ్ళ వయసులో హవాయి ద్వీపములకు మతప్రచారకుడుగా వెళ్ళి, ఆ భాష నేర్చి, ఆ ప్రజలతో జీవితాంతము సంబంధము నిలుపుకొన్నాడు. ఈ సంఘ స్థాపకుడైన జోసెఫ్ స్మిత్ ఈయనకు పినతండ్రి. ఈయన కుమారుడు జోసెఫ్ ఫీల్డింగ్ స్మిత్ కూడా తరువాత అధ్యక్షుడయ్యాడు. పేర్ల పోలిక వలన ముగ్గురినీ కలగలిపి పొరబడేవారున్నారు.

బాల్యము

మిస్సోరీ రాష్ట్రములోని ఫార్ వెస్ట్‌లో జన్మించాడు. ఆ సమయములో తండ్రి హైరమ్ స్మిత్ నిర్బంధములో ఉన్నాడు. 1844 జూన్ 27న ఇల్లినాయ్‌లోని కార్తేజ్ చెరసాలపై అల్లరి మూకలు దాడిచేసి హైరమ్‌ను, అతని తమ్ముడైన సంఘ స్థాపకుడిని కాల్చిచంపాయి. కుమారునికి అప్పటికి ఐదేళ్ళు. తల్లి మేరీ ఫీల్డింగ్ ఇంగ్లండులో పుట్టిన స్త్రీ. 1848లో ఆమె కుటుంబముతో పశ్చిమ మైదానములు దాటి సాల్ట్ లేక్ లోయకు చేరింది. ఆ ప్రయాణములో ఎద్దుల బండి తోలినవారిలో తొమ్మిదేళ్ళ జోసెఫ్ ఒకడు. 1852లో తల్లి కూడా మరణించింది.

తల్లిదండ్రులు లేని బాలునికి కోపము ముక్కు మీదే ఉండేది. చెల్లెలు మార్తా ఆన్‌ను బెత్తముతో కొట్టబోయిన ఉపాధ్యాయునిపై తిరగబడి, బడికి దూరమయ్యాడని చెబుతారు. 1854 ఏప్రిల్‌లో జరిగిన సంఘ మహాసభలో మతప్రచారమునకు ఎంపికైనవారి జాబితాలో ఇతని పేరు కూడా వినిపించింది. చదువు అంతంతమాత్రము, కుర్రవాడి వయసు పదిహేను. ఆవేశపరుడైన ఈ బాలుని దారిలో పెట్టడానికే పెద్దలు ఇతనిని పంపి ఉంటారని కొందరి అభిప్రాయము. ఆ ఊహ అసంభవముగా తోచదు.

హవాయిలో మతప్రచారము

మోర్మన్ ప్రచారకులకు జీతము లేదు. దారిఖర్చులు కూడా ఎవరివి వారే సంపాదించుకోవాలి. స్మిత్, తోటివారు కాలిఫోర్నియాలో కొంతకాలము కూలిపని చేసి ఓడ ఖర్చు కూడబెట్టుకొన్నారు. సెప్టెంబరు చివరకు హొనొలులు చేరారు. మోర్మన్ ప్రచారకులు మొదటిసారిగా ఆ ద్వీపములకు వచ్చి అప్పటికి నాలుగేళ్ళు కూడా నిండలేదు. 1853లో వచ్చిన మశూచి వేలమంది స్థానికులను బలిగొన్నది.

స్మిత్‌ను మౌయి ద్వీపములోని కూలా ప్రాంతమునకు పంపారు. అక్కడ తీవ్రముగా జబ్బుపడ్డాడు. మహుహీ అనే హవాయి స్త్రీ అతనిని తన ఇంట ఉంచుకొని సొంత బిడ్డవలె సాకింది. ఇంగ్లీషు మాట్లాడేవారు చుట్టూ లేకపోవడము ఒకందుకు మేలే చేసింది. రాత్రింబవళ్ళు ఆ మాటలే వింటూ, సుమారు వంద రోజులలో హవాయి భాషలో ప్రార్థనలు, ప్రసంగములు చేయగలిగాడు. తెలుగువలె హవాయి కూడా అజంత భాష. అందులో ప్రతి పదము అచ్చుతోనే ముగుస్తుంది. జోసెఫ్ అనే పేరు వారి నోట ఇయోసెపా అయింది. ఈ భాష నేర్వడమే ఆయన జీవితమును మలుపు తిప్పినదని చెప్పవచ్చును. ఏడాది తిరిగేసరికి ఆయనకు ఒక ద్వీపములోని సంఘముల పర్యవేక్షణ అప్పగించారు. తరువాత హవాయి పెద్ద ద్వీపములోని హీలో, కొహాలా ప్రాంతములలోను, మొలొకైలోను పనిచేశాడు.

ఆ ప్రచారకుల దినచర్యలో కాలినడక, పడవ ప్రయాణము, ఇంటింటి సందర్శన, ఆదివారపు సభలు ముఖ్యమైనవి. భోజనము, వసతి ఆతిథ్యము ఇచ్చేవారి దయమీద ఆధారపడేవి. చామజాతి దుంపను ఉడికించి దంచి చేసే పోయి అనే పదార్థమే అక్కడి ప్రధాన ఆహారము. మొదట్లో ఈ తిండిని మింగలేక బాధపడినవాడు చివరకు దానినే ఇష్టపడ్డాడు. లనై ద్వీపములో ఒక ఇల్లు కాలిపోయినప్పుడు ఆయన బట్టలు, పుస్తకములు, తొలి దినచర్య పుస్తకములు బూడిదయ్యాయి. ఆ తరువాత కొంతకాలము ఇద్దరు ప్రచారకులకు ఒకే జత బట్టలు మిగిలాయని, ఒకరు సభకు వెళితే రెండవవారు ఇంట్లోనే ఉండేవారని ఒక కథ ఉన్నది.

1856-57 నాటి దినచర్యలు మాత్రము మిగిలి, 2011లో పుస్తకముగా వెలువడ్డాయి. వాటిలో కనిపించేది మహాపురుషుడు కాదు. ఒంటరితనముతో, విసుగుతో వేగే యువకుడు. సంఘమును వదలిపోయిన స్థానికులమీద కోపము, వారి అలవాట్లపట్ల చిన్నచూపు అందులో దాపరికము లేకుండా ఉన్నాయి. తనను సాకినది ఆ జాతి స్త్రీయే అని ఎరిగినవాడు ఇట్లా వ్రాయడము చదువరికి బాధ కలిగిస్తుంది. ఈ చిన్నచూపు ఆనాటి తెల్లజాతి ప్రచారకులలో పలువురికి ఉన్నదే. చెల్లెలికి వ్రాసిన లేఖలలో ఆయన మరొక రూపము, అనగా తల్లిలేని చెల్లెలికి బుద్ధులు చెప్పే అన్న, కనబడతాడు.

1857లో అమెరికా ప్రభుత్వము యూటా మీదికి సైన్యమును పంపడముతో ప్రచారకులను వెనుకకు పిలిపించారు. కాలిఫోర్నియా మీదుగా వస్తుండగా మోర్మన్లను చంపుతామంటూ వచ్చిన రౌతులకు తాను మోర్మన్‌నేనని నిర్భయముగా చెప్పాడని, ఆ ధైర్యమునకు మెచ్చి వారు కరచాలనము చేసి పోయారని ప్రసిద్ధమైన కథ. 1858 ఫిబ్రవరిలో సాల్ట్ లేక్ చేరేనాటికి ఆయనకు పందొమ్మిదేళ్ళు.

తరువాతి జీవితము

1860-63 మధ్య బ్రిటన్‌లో ప్రచారము చేశాడు. లనైలో వాల్టర్ గిబ్సన్ అనే ప్రచారకుడు సంఘపు భూములను తన పేర వ్రాయించుకొన్నందున, 1864లో విచారణకు వెళ్ళిన పెద్దల వెంట దుబాసీగా మళ్ళీ హవాయి చేరాడు. 1866లో అపొస్తలుడయ్యాడు. బహుభార్యాత్వము నేరముగా ఎంచి ప్రభుత్వము మోర్మన్ నాయకులను వెదుకుతున్న రోజులలో, 1885 నుండి 1887 వరకు ఒవాహు ద్వీపములోని లాయియేలో తలదాచుకొన్నాడు. ఈయన మొత్తము ఆరుగురిని వివాహమాడాడు. 1904లో అమెరికా సెనేటు సంఘము ఎదుట ఈ విషయమై సాక్ష్యమిచ్చాడు. అదే ఏడాది కొత్త బహుభార్యా వివాహములు చేసుకొనేవారిని వెలివేస్తామని ప్రకటించాడు. తన భార్యలను మాత్రము విడిచిపెట్టలేదు. 1906లో అందుకు 300 డాలర్ల జరిమానా కట్టాడు.

యూటాకు వలసవచ్చిన హవాయి మోర్మన్ల కొరకు 1889లో స్కల్ లోయలో ఏర్పడిన ఊరికి ఇయోసెపా అని ఈయన పేరే పెట్టారు. అధ్యక్షుడైన తరువాత ఒకసారి హొనొలులులో ఓడ దిగినప్పుడు, చూపు పోయిన వృద్ధురాలొకతె చేతిలో అరటిపండ్లతో ఆ పేరు పిలుస్తూ వచ్చిందని, ఆమె మహుహీయేనని, ఆయన ఆమెను కౌగిలించుకొని కన్నీరు పెట్టాడని వెంట ఉన్న మిత్రుడు తరువాత వ్రాశాడు.

1915 జూన్ 1న లాయియేలో దేవాలయ స్థలమును ప్రతిష్ఠించాడు. అక్కడ దేవాలయము కట్టబోతున్నారని తెలిసి ఇయోసెపా వాసులు స్వదేశమునకు మరలిపోగా, 1917 నాటికి ఆ ఊరు ఖాళీ అయింది. స్మిత్ 1918 నవంబరు 19న సాల్ట్ లేక్ సిటీలో మరణించాడు. ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి కారణముగా బహిరంగ అంత్యక్రియల సభ జరపలేదు. లాయియే దేవాలయము మరుసటి సంవత్సరము నవంబరులో ప్రారంభమయింది.