కిటికీ అద్దంలో దొరికిన వెలుగు

పుస్తకంలో సిద్ధాంతం రేపు మారిపోతే ఈరోజు చదివింది వృథాయే కదా సార్, అని పిల్లలు మమ్ములను అడుగుతూ ఉంటారు. వారికి మేము ఎతియెన్ లూయీ మాల్యూస్ గారి జీవితం చెబుతాము.

మాల్యూస్ 1775లో పారిస్ నగరంలో జన్మించారు. ఇంజనీరు చదువు చదివి, 1798లో నెపోలియన్ సేనతో ఈజిప్టు వెళ్ళారు. యాఫా పట్టణంలో ప్లేగు సోకి చావు అంచుదాకా పోయి బతికారు. 1801లో స్వదేశం చేరారు గాని, చెడిన ఆరోగ్యం మళ్ళీ కుదుటపడలేదు.

ఐస్‌లాండ్ స్ఫటికంలోంచి చూస్తే ఏ వస్తువైనా రెండుగా కనబడుతుంది. 1808లో ఒక సాయంత్రం ఆయన తమ ఇంట్లోంచి, లక్సెంబర్గ్ భవనపు కిటికీ అద్దాల్లో మెరుస్తున్న సూర్యుణ్ణి ఆ స్ఫటికంతో చూశారు. స్ఫటికం తిప్పగా ఒక బింబం మసకబారింది. ఇంకా తిప్పితే అది తేటపడి రెండోది మసకబారింది. అద్దం మీద పడి తిరిగివచ్చిన రోష్నీకి ఒక దిశ ఏర్పడుతుందని గ్రహించి దానికి ధ్రువణం అని పేరు పెట్టారు. అటువంటి వెలుగు రెండో స్ఫటికాన్ని ఎంత దాటుతుందో లెక్క కట్టారు: 45 డిగ్రీలకు సగం, 60 డిగ్రీలకు నాలుగోవంతు, 90 డిగ్రీలకు సున్న.

వెలుగు కణాలమయమని ఆయన నమ్మకం. తరంగమని వాదించినవారు ఇంగ్లండులోని థామస్ యంగ్. రెండు దేశాలూ యుద్ధంలో ఉన్నా, లండన్ రాయల్ సొసైటీ మాల్యూస్‌కు రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చింది. ఆ కబురు 1811లో ఉత్తరం రాసి తెలిపినవారు ఆ యంగ్ గారే! మరుసటి ఏడు, 1812లో, క్షయవ్యాధితో 36 ఏండ్లకే మాల్యూస్ కన్నుమూశారు.

తరువాత తరంగవాదమే గెలిచింది. మాల్యూస్ నమ్మకం పోయింది, లెక్క మాత్రం నిలిచింది. ఇరవయ్యో శతాబ్దంలో ఫోటాన్ అనే వెలుగు తునక సంగతి తెలిసింది. 60 డిగ్రీల వద్ద ఒక్క ఫోటాన్‌ను పంపితే అది నాలుగు ముక్కలు కాదు. మొత్తంగా దాటుతుంది, లేదా ఆగిపోతుంది. ఏది దాటుతుందో ముందుగా చెప్పలేము. వేలకొద్దీ పంపితే మాత్రం నూటికి ఇంచుమించు 25 దాటుతాయి. దీపపు వెలుగులో పాలుగా ఉన్న అంకె, ఫోటాన్ విషయంలో అవకాశంగా మారింది. అందుకే రెండు పోలరాయిడ్ బిళ్ళలు, ఒక దీపం ఉంటే చాలు, క్వాంటం లెక్కలో మొదటి మెట్టు పిల్లలకు చూపవచ్చును.

కనుక పిల్లలారా, నిజాయితీగా కొలిచినది ఏనాడూ వృథా పోదని మేము చెప్పగలము.