హరికథా పితామహుడు ఆదిభట్ల

సంగీత, సాహిత్యాలకు నిలయమైన విజయనగరానికి జనవరి 2వ తేదీ స్మరణీయమైనది. హరికథా పితామహుడు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు 1945లో పరమపదించినది ఆనాడే. ఆయన ఆరాధనోత్సవాల వేళ గజ్జెల సవ్వడి, చిడతల నాదం ఈ పట్టణాన్ని మళ్లీ పలకరిస్తాయి.

నారాయణదాసు 1864 ఆగస్టు 31న అజ్జాడ గ్రామంలో వేంకటచయనులు, లక్ష్మీనరసమాంబ దంపతులకు జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. నాటి బొబ్బిలి ప్రాంతానికి చెందిన ఆ గ్రామం 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. బాల్యంలోనే భాగవత పద్యాలను కంఠస్థం చేసిన ఆ బాలుని ధారణకు ముగ్ధుడైన ఒక పుస్తక వ్యాపారి భాగవత గ్రంథాన్ని కానుకగా ఇచ్చాడని పెద్దలు చెప్పుకుంటారు.

మలుపు తిప్పిన కథ

చెన్నపట్నం నుంచి విజయనగరం వచ్చిన కుప్పుస్వామి నాయుడు హరికథా గానం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. ఆంగ్ల విద్య అభ్యసించినవారు సర్కారు కొలువును ఆశించే కాలమది. పందొమ్మిదేళ్ల నారాయణదాసు మాత్రం 1883లో 'ధ్రువ చరిత్ర'ను స్వయంగా రచించి, గజ్జె కట్టి సభలో నిలిచారు. ఆనాడు ఎంచుకున్న దారిని కడవరకూ విడిచిపెట్టలేదు.

హరికథలో సర్వభారం ఒక్క మనిషిదే. కథకుడే కవి, గాయకుడు, నర్తకుడు, నటుడు. రాజుగానూ, రాణిగానూ, దూతగానూ క్షణంలో మారిపోవాలి. పండితుని మెప్పించే రాగభావమూ, పామరుని నవ్వించే పిట్టకథా ఒకే గళంలో పలకాలి. ఈ శక్తులన్నీ దాసుగారిలో కుదురుకున్నాయి. చేతులు, కాళ్లు, శిరస్సులతో ఏకకాలంలో అయిదు తాళాలు చూపే పంచముఖి విద్యలో ఆయనకు సాటి లేరని విద్వాంసులు అంగీకరించారు. 'అంబరీష చరిత్రము', 'గజేంద్ర మోక్షణము', 'రుక్మిణీ కల్యాణము', 'యథార్థ రామాయణము' వంటి రచనలతో హరికథ తెలుగునాట శాస్త్రీయ కళగా గౌరవం పొందింది.

బహుభాషా కోవిదుడు

ఆనందగజపతి ఆదరణలో ఆయన సాహితీ ప్రతిభ మరింత విస్తరించింది. 'నవరస తరంగిణి'లో కాళిదాసును, షేక్‌స్పియర్‌ను పక్కపక్కన నిలిపారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారశీక మూలం నుంచి, ఫిట్జెరాల్డ్ ఆంగ్లానువాదం నుంచి సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి తెచ్చారు. తెలుగుదనంపై మక్కువ ఉన్నా పరభాషలకు తలుపులు మూయని వ్యక్తిత్వం ఆయనది.

1919లో విజయరామ గజపతి నెలకొల్పిన సంగీత కళాశాలకు నారాయణదాసు తొలి అధ్యక్షులయ్యారు. విద్యార్థిగా చేరాలని వచ్చిన యువకుడు ద్వారం వేంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యుడయ్యారు. 1936లో దాసుగారి అనంతరం ఆయనే అధ్యక్ష పీఠాన్ని అలంకరించారు. తరువాతి కాలంలో ఘంటసాల, పి.సుశీల అక్కడే సంగీతం అభ్యసించారు.

కథకుని బాధ్యత

నారాయణదాసు రచనలు గ్రంథరూపంలో లభిస్తున్నాయి. ఆత్మకథ 'నా యెరుక' ఆయన తొలి జీవితాన్ని తెలుపుతుంది. అయితే హరికథకు గ్రంథం సగం మాత్రమే. మిగిలిన సగం కథకుని అడుగులో, గొంతులో, ఎదుట కూర్చున్న శ్రోతల స్పందనలో ఉంది. ఆ సగం గురువు నుంచి శిష్యునికి అందాలే తప్ప అచ్చులో దొరకదు. హరికథకుడు కోట సచ్చిదానందశాస్త్రికి 2023లో పద్మశ్రీ ప్రకటించడం ఈ కళకు దక్కిన మన్నన. ఏటా దాసుగారి విగ్రహానికి పూలమాల వేయడంతో పాటు ఒక్క బాలుడో బాలికో కొత్తగా చిడతలు పట్టిననాడే ఆ మహనీయునికి నిజమైన ఆరాధన.