హాఫ్కిను మహాశయుఁడు – వైద్యధర్మము

రోగనివారణవిద్య విద్యలలో నుత్తమమైనది. కాని క్రొత్తయౌషధమును మొట్టమొదట నెవరి దేహమునఁ బరీక్షింపవలెను? రోగి యిష్టము లేకయే యాతనికి మేలు చేయఁబూనుట తగునా? కీడు మూడినపుడు తప్పెవరిదని నిర్ణయించుట యెట్లు? ఈ మూఁడు ప్రశ్నలును వైద్యశాస్త్రమునకంటె ధర్మశాస్త్రమునకే యెక్కుడు సంబంధించినవి. వీనికిఁ దన జీవితముచేతనే ప్రత్యుత్తరమిచ్చిన మహనీయుఁడు వాల్డెమార్ హాఫ్కిను. వైద్యవిద్య నభ్యసించు మన బాలబాలికలకును, వారిని పోషించు వదాన్యులకును నీతని చరిత్రము మననము చేయఁదగినది.

హాఫ్కిను 1860వ సంవత్సరము మార్చి 15వ తేదీన రష్యాసామ్రాజ్యములోని యొడెస్సా పట్టణమున నొక యూదుకుటుంబమునందు జన్మించెను. అచ్చటి విశ్వవిద్యాలయమున మెచ్నికాఫ్ పండితునియొద్ద జంతుశాస్త్రము నభ్యసించెను. యూదుఁడగుటచే నాతనికి ఆచార్యపదవి లభింపదయ్యెను. క్రైస్తవమతము స్వీకరించినచో నా యాటంకము తొలఁగెడిదే. కాని యుద్యోగమునకై పితృపైతామహమగు మతమును విడుచుట కాతఁ డొడంబడలేదు. 1888లో స్వదేశము విడిచి జెనీవాకును, మఱుసటియేఁట పారిసునకును జేరి, పాశ్చర్ పరిశోధనాలయముయొక్క గ్రంథభాండారమునఁ జిన్నకొలువు సంపాదించెను. అచ్చటనే తీఱికవేళల సూక్ష్మక్రిములను గూర్చి పరిశోధనములు సాగించెను.

ఆ దినములలోఁ గలరా లక్షలకొలఁది ప్రాణములను బలిగొనుచుండెను. హాఫ్కిను కలరాక్రిములతో నొక టీకామందును సిద్ధపఱచి, 1892 జులై 18వ తేదీన దానిని మొదటఁ దన దేహముననే యెక్కించుకొనెను. జ్వరమును నొప్పియు ననుభవించి, యా లక్షణములను శాస్త్రజ్ఞులకు నివేదించెను. పిమ్మటనే మిత్రులు కొందఱు స్వేచ్ఛగా వేయించుకొనిరి.

1893లో నాతఁడు కలకత్తా చేరెను. పరదేశీయుఁడు సూదితోఁ బొడిచెడి మందనఁగా జనులు భయపడుట సహజము. ఆతఁడు బలాత్కారమును గోరలేదు. వంగదేశీయులగు వైద్యుల తోడ్పాటుతో బస్తీలకుఁ బోయి, నచ్చఁజెప్పి, యిష్టపడినవారికే టీకా వేసెను. 1894లోఁ గట్టాల్‌బాగాన్ బస్తీలోఁ గలరా పొడసూపఁగా, సుమారు 200 మంది నివాసులలో 116 మంది టీకా వేయించుకొనిరి. ఆ తరువాత నచ్చటఁ గలరా సోఁకినవారు టీకా లేనివారే. ఒక్కచోట, నొక్కగాలిలో, నొక్కనీటితో జీవించు నుభయులను బోల్చిచూచుటయే యాతని పద్ధతి.

1896లో బొంబాయినగరమునఁ బ్లేగు చెలరేఁగెను. ప్రభుత్వము పిలువఁగా హాఫ్కిను అచ్చటికిఁ బోయి, గ్రాంటు వైద్యకళాశాలలో నొక గదియు నొక నడవయు మాత్రమే యాధారముగాఁ గొన్నిమాసములలోనే ప్లేగు టీకామందును నిర్మించెను. 1897 జనవరి 10వ తేదీన 10 ఘన సెంటీమీటర్ల మందును దానే యెక్కించుకొనెను. పిమ్మటఁ బ్రజలకు వాడిన మోతాదునకు నది మూఁడురెట్లకు మించినది. పరులకుఁ దక్కువయు, తనకు నెక్కుడును! మన పెద్దలు చెప్పెడి యాత్మౌపమ్యమునకు నింతకంటె నిదర్శన మేమి కావలయును?

ఆ మాసాంతముననే బైకుల్లా కారాగారమున ముందునకు వచ్చిన ఖైదీలకు టీకా వేయఁబడెను. తరువాతఁ బ్లేగు బాధ టీకా లేనివారిలోనే మిక్కిలి యధికముగాఁ గనఁబడెను. ఆగాఖాను బహిరంగముగాఁ దానును టీకా వేయించుకొని ప్రజల భయమును బాపెను. ఇచట నొక ధర్మసందేహము కలదు. బందీయైనవాని యంగీకారము నిజముగా స్వతంత్రమా? వైద్యుఁడు తాను సాహసించినంతమాత్రమునఁ బరుల నపాయమునకుఁ బిలుచు నధికార మాతనికిఁ గలుగునా? స్వచ్ఛందాంగీకారము లేక మనుష్యులపైఁ బరీక్షలు కూడవని 1947లో న్యూరెంబర్గు న్యాయస్థానము స్పష్టముగా నిర్ణయించెను. ఆ నియమము పుట్టుటకు 50 సంవత్సరములకు ముందే హాఫ్కిను దానివైపు నడచెననుట న్యాయము. కారాగారమున నాతఁడు దానిని సంపూర్ణముగా నందుకొనెననుట న్యాయము కాదు.

పిదప మహాపద సంభవించెను. 1902 అక్టోబరు 30వ తేదీనఁ బంజాబులోని ముల్కోవాల్ గ్రామమున 107 మందికి టీకా వేయఁగా, నందు 19 మంది ధనుర్వాతముచే మరణించిరి. ఆ 19 మందియు నొక్కసీసాలోని మందు పుచ్చుకొన్నవారే. తప్పు బొంబాయి ప్రయోగశాలదని విచారణసంఘము తలఁచెను. హాఫ్కిను అధికారము కోల్పోయి, జీతము లేని సెలవుపైఁ బంపఁబడెను. మృతుల కుటుంబముల దుఃఖమునకుఁ గారణము నిర్ణయింపవలసినదే. కాని దుఃఖతీవ్రత సాక్ష్యమునకు బదులు కానేరదు.

ఆతఁడు పలాయనము చేయక, సంవత్సరములకొలఁది సాక్ష్యముల నడిగెను. ముల్కోవాలునందు సహాయకుఁడు నేలఁబడిన శ్రావణమును సరిగా శుద్ధి చేయకయే సీసా బిరడా తీసెననియు, తెఱచినపుడు మందునందు దుర్గంధము లేదనియుఁ దేలెను. మందు ప్రయోగశాలలోనే చెడియుండినచో నన్నిదినములలో నది కంపుగొట్టవలసినది. రోనాల్డ్ రాస్ మొదలగు శాస్త్రజ్ఞులు 1907లో నాతని పక్షమునఁ బత్రికాముఖమున వాదించిరి. ఆ యేఁటనే ప్రభుత్వ మాతనిని మరల నుద్యోగమునకుఁ బిలిచెను. అయినను బొంబాయి ప్రయోగశాలాధిపత్యము తిరిగి రాలేదు. కలకత్తాలోఁ గొలువు చేసి 1914లో విరమించెను.

1925లో బొంబాయి ప్రయోగశాలకు హాఫ్కిను పేరే పెట్టఁబడెను. 1930 అక్టోబరు 26వ తేదీన నాతఁడు లోసాను పట్టణమునఁ బరమపదించెను. తన యాస్తిని యూదుల మతవిద్యాలయముల పోషణకై వ్రాసి యిచ్చెను. స్వజనమును మఱువలేదు, అయినను సేవించినపుడు జాతిమతముల నెంచలేదు.

మన కులమునఁ బుట్టి వైద్యులు కానున్న చిరంజీవులారా, అపాయమును బరులకుఁ బంచుటకు ముందు మీపాలు మీరు గ్రహింపుఁడు. రోగి నడిగి, యాతని కర్థమగునట్లు చెప్పి, యాతఁ డొప్పిననే చేయి వేయుఁడు. ఫలితమును దాఁచక వ్రాయుఁడు. పోషకమహాశయులారా, కీడు మూడినచోటఁ దొందరపడి నిందింపక సాక్ష్యమును బరిశీలింపుఁడు. వైద్యునకు సత్యమెంత విధియో, తీర్పరికిని నంతయే విధి. ఈ యుభయధర్మములు మనయందు వర్ధిల్లుఁగాక!