ఎడ్మండ్ మోరెల్ : లెక్కలలో బయల్పడిన నరమేధము

లెక్కలు దిద్దించినవాడు ఎంతటి ప్రభువైనను, ఎక్కడనో యొకచోట జమకును ఖర్చునకును పొందిక చెడక మానదు. అట్లు పొందిక చెడిన చోటును కనిపెట్టి, దాని వెనుకనున్న ఘోరమును లోకమునకు వెల్లడించిన ధీరుడు ఎడ్మండ్ డీన్ మోరెల్.

ఇతడు 1873వ సంవత్సరమున పారిసు నగరమున జన్మించెను. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి ఆంగ్లేయురాలు. పసితనముననే తండ్రి గతించెను. పెద్దచదువులకు నోచుకొనక, ఇంగ్లండులోని లివర్‌పూలు పట్టణమున ఒక ఓడల కంపెనీలో గుమాస్తాగా కుదిరెను.

ఆ కాలమున ఆఫ్రికాలోని కాంగో దేశము బెల్జియము రాజగు రెండవ లియోపోల్డునకు సొంత జమీవలె ఉండెను. బానిసవ్యాపారమును మాన్పి అచటి ప్రజల నుద్ధరింతునని యూరపు రాజ్యములను నమ్మించి, 1885లో అతడు దానిని చేజిక్కించుకొనెను. ఆ దేశపు సరకు రవాణా మోరెల్ పనిచేయు కంపెనీకే గుత్తగా నుండెను. కంపెనీ పనిమీద బెల్జియములోని ఆంట్వెర్పు రేవునకు పోయి వచ్చుచు అతడు ఓడల చిట్టాలను తిరుగవేసెను. కాంగోనుండి రబ్బరును ఏనుగుదంతములును రాసులుగా దిగుచుండెను. అందు కొంతభాగము ప్రకటిత లెక్కల కెక్కుటలేదు. తిరుగు ఓడలలో పోవునవి చాలవరకు తుపాకులు, తూటాలు. కొన్న సరకునకు బదులుగా ధనమో, వస్తువులో పోవలెను గదా! అవి తగినంత పోవుటలేదు. కనుక అచటి ప్రజలచేత తుపాకి చూపి కూలిలేని చాకిరి చేయించుచున్నారని మోరెల్ నిశ్చయించెను.

యజమానులు అతని మాట చెవినిబెట్టక, జీతము పెంచి దూరదేశమునకు పంపజూచిరి. భార్యాబిడ్డల పోషణభారము తలపై నున్నను అతడు లొంగక, 1901లో కొలువు విడిచి కలమును నమ్ముకొనెను. 1903లో సొంతముగా ఒక వారపత్రికను స్థాపించెను.

ఆ యేడే బ్రిటిషు కాన్సలు రోజరు కేస్‌మెంటు కాంగో లోతట్టు ప్రాంతములలో సంచరించి బాధితుల వాఙ్మూలములు వ్రాసికొనెను. విధించిన రబ్బరు తేలేని గ్రామములను తగులబెట్టుట, స్త్రీలను తాకట్టుగా బంధించుట, వాడిన తూటాలకు లెక్కగా సైనికులు నరికిన చేతులను చూపుట మున్నగు ఘోరములు 1904లో అతని నివేదికవలన బయల్పడెను. పిమ్మట ఇరువురును కలిసి కాంగో సంస్కరణ సంఘమును నెలకొల్పిరి. మిషనరీ ఆలిస్ హారిస్ తీసిన ఛాయాచిత్రములను సభలలో తెరపై చూపిరి. మోరెల్ సాక్ష్యములను, పట్టికలను కూర్చి పత్రికలోను గ్రంథములలోను ప్రకటించెను. లియోపోల్డు తానే నియమించిన విచారణ సంఘము సైతము 1905లో ఆ దురంతములు నిజమని చెప్పవలసివచ్చెను.

తుదకు 1908లో కాంగో రాజు చేయిదాటి బెల్జియము ప్రభుత్వమున కప్పగింపబడెను. అంతకుముందే లియోపోల్డు కాంగో దస్తావేజులను దినముల తరబడి కాల్పించెను. మరుసటి యేట, ఏ న్యాయస్థానము ఎదుటను నిలువకయే మరణించెను. హతులైనవారి సంఖ్య నేటికిని తేలలేదు. ఆ కాలమున జనసంఖ్య కోటి వరకు తగ్గెనని కొందరు చరిత్రకారుల అంచనా.

మొదటి ప్రపంచయుద్ధమును వ్యతిరేకించిన మోరెల్ 1917లో కారాగారవాసము ననుభవించెను. రైను నదీతీరమున నిలిచిన ఆఫ్రికా సైనికులను గూర్చి 1920లో అతడు చేసిన జాతిద్వేషపు వ్రాతలు అతని కీర్తికి మచ్చ. 1922 ఎన్నికలలో డండీ నగరమున చర్చిలును ఓడించి పార్లమెంటు సభ్యుడయ్యెను. 1924లో కాలధర్మము నొందెను.

రాజు కాల్పించినవి తన కచేరీలోని కాగితములే. మోరెల్ ప్రకటించినవి అప్పటికే అచ్చుపడి ప్రజల చేతికి చేరియుండెను. హతులకు న్యాయము జరుగలేదు. వారి సాక్ష్యము మాత్రము చదువగోరువారికి నేటికిని గ్రంథాలయములలో దొరకుచున్నది.