పరీక్ష తప్పిన మాస్టారు - గ్రెగర్ మెండల్

పదో తరగతి జీవశాస్త్రంలో బఠానీ మొక్కల పాఠం మనమందరం బట్టీ పట్టినదే. పొడవు, పొట్టి, 3:1 అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పాఠం వెనక ఉన్న మనిషి పరీక్ష తప్పి, 29 ఏళ్ల వయసులో మళ్లీ విద్యార్థిగా బెంచీ మీద కూర్చున్నాడని ఎమ్మెస్సీ బోటనీలో చేరేదాకా నాకు తెలియదు. అందుకే తమ్ముళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

మెండల్ 1822 జూలైలో అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని హైన్‌జెన్‌డార్ఫ్ అనే పల్లెలో జన్మించారు. అది ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. అసలు పేరు జోహన్. తండ్రి ఆంటన్ చిన్న రైతు. తన పొలం చూసుకుంటూనే వారానికి మూడు రోజులు జమీందారుకు వెట్టి చేయాలి. వెట్టి అంటే ఏమిటో మన తాతలను అడిగితే చెబుతారు. కొడుకును పట్నం హైస్కూలుకు పంపినా పూర్తి భోజనానికి డబ్బు కట్టే స్తోమత లేక సగం భోజనానికే కట్టారు. ఆకలి సంగతి మనవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు.

1838లో వెట్టి పనిలో దుంగ మీదపడి తండ్రి పనికి పనికిరాకుండా పోయారు. జోహన్‌కు అప్పుడు 16 ఏళ్లు. ట్యూషన్లు చెప్పుకుంటూ చదివారు. జబ్బుపడి చదువు మధ్యలో ఆపి ఇంటికి కూడా వెళ్లారు. అప్పుడు చెల్లెలు తెరేసియా తన కట్నం కింద రావలసిన దానిలో కొంత అన్న చదువుకు ఇచ్చేసింది. ఇది చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి మా అక్కను తలచుకున్నాను. నా డిగ్రీ ఫీజు కట్టిన ఏడు ఆమె కమ్మలు తాకట్టులో ఉన్నాయి.

1843లో బ్రున్ పట్టణంలోని మఠంలో చేరి గ్రెగర్ అయ్యారు. భక్తి ఎంతో గాని, భుక్తి బాధ తప్పడం ముఖ్య కారణమని ఆయనే తర్వాత ఒప్పుకున్నారు. రోగుల బాధ చూసి తట్టుకోలేకపోతే మఠాధిపతి నాప్ ఆయనను బడిలో పాఠాలు చెప్పడానికి పంపారు. పర్మనెంటు టీచరు కావాలంటే పరీక్ష పాస్ కావాలి. 1850లో వియన్నా వెళ్లి రాసి తప్పారు. తప్పింది దేనిలో అనుకున్నారు? ప్రకృతి శాస్త్రంలోనే!

సొంతంగా చదువుకోవడమే లోపమని ఒక పరీక్షాధికారి గ్రహించారు. ఆ సలహాతో, నాప్ ఇచ్చిన ఖర్చుతో 1851లో వియన్నా విశ్వవిద్యాలయంలో చేరారు. పాఠాలు చెప్పిన మనిషి మళ్లీ నోట్సు రాసుకోవడం మొదలుపెట్టారు. డాప్లర్ వద్ద ప్రయోగాలు చేసే పద్ధతి, ఎటింగ్స్‌హౌసెన్ వద్ద లెక్క, ఉంగర్ వద్ద మొక్కల శాస్త్రం నేర్చుకున్నారు. నా దృష్టిలో ఆ రెండేళ్లే అసలు కథ. ఆయనకు ముందు మొక్కలను సంకరం చేసినవారు చాలామంది ఉన్నారు. ఒక్కొక్క లక్షణాన్ని విడదీసి, గింజలు లెక్కపెట్టాలని వారికి తోచలేదు.

1856లో మళ్లీ టీచరు పరీక్షకు వెళ్లి, ఆరోగ్యం చెడి పూర్తి చేయకుండానే తిరిగొచ్చారు. ఆ ఏడాదే మఠం తోటలో బఠానీ ప్రయోగాలు మొదలయ్యాయి. 1863 వరకు దాదాపు 28,000 మొక్కలు పరిశీలించారు. ఒక ప్రయోగంలో 7,324 గింజలు లెక్కిస్తే 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. మన 3:1 అక్కడిదే. 1865లో బ్రున్ సైన్సు సంఘంలో రెండు సమావేశాల్లో ఇదంతా చదివి వినిపించారు. మరుసటి ఏడు అచ్చయినా ఎవరూ పట్టించుకోలేదు. 1868లో మఠాధిపతి అయ్యేవరకు బడిలో తాత్కాలిక టీచరుగానే ఉండిపోయారు. 1884 జనవరి 6న కన్నుమూశారు. 1900లో ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా అదే ఫలితానికి చేరాకే లోకానికి ఆయన పేరు తెలిసింది.

ఒక్క మాట మరిచాను. తెరేసియా ముగ్గురు కొడుకుల చదువుకు మెండల్ సాయం చేశారు. వారిలో ఇద్దరు డాక్టర్లయ్యారు.